మా మేనత్త ఓడికొలోన్

ఈ మే నెలలో గుంటూరులో ఒక పెళ్ళికి వెళ్ళాను. నాతోపాటు టీచరుగా పనిచేసి రిటైరైన ఒకావిడ మనవరాలి పెళ్ళి. ఊరి చివర ఏసీ కల్యాణమండపం, వాకిట్లో నిలువెత్తు ఫ్యాన్లు రెండు, వాటిలోంచి వచ్చేపోయే వాళ్ళ మీద పడుతున్న సన్నటి నీటితుంపర. ఒకప్పుడు ఆ చోట పన్నీరు బుడ్డి పట్టుకుని ఆ ఇంటి ఆడపిల్లలు నిలబడేవారు, ఇప్పుడు ఆ పని కూడా కరెంటే చేసేస్తోంది. ఆ నీళ్ళలో ఏదో సెంటు కలిపినట్టున్నారు. పచ్చి నిమ్మతొక్క గిల్లినప్పుడు వచ్చే వాసన, దాని వెనకే నారింజ ఆకు నలిపినట్టుండే వాసన, చల్లగా తేలిగ్గా వచ్చి ముఖానికి తగిలింది. నా వెనక వస్తున్న నా ఈడు ఆడవాళ్ళు "అబ్బ, ప్రాణం లేచొచ్చిందమ్మా" అంటూ అక్కడే ఆగిపోయారు. నేనూ ఆగాను, కాని నాకు పళ్ళు బిగుసుకున్నాయి. పాత వాసనలు తగిలితే మన వయసు వాళ్ళకి కళ్ళు చెమరుస్తాయంటారు. నాకు ఈ వాసన తగిలితే కోపం వస్తుంది. డెబ్బైల నాటి కోపం. అది ఇన్నేళ్ళకీ చెడిపోకుండా ఉందని తెలిసి, నిజం చెప్పొద్దూ, కాస్త సంతోషం కూడా వేసింది.

ఆ వాసన పేరు ఓడికొలోన్. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. జ్వరం ఎక్కువైతే గుడ్డ తడిపి నుదుటి మీద వేయడానికి మందుల షాపుల్లో అమ్మేవారు, కలిగిన వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు ఎండాకాలం దాన్ని చేతిరుమాలు మీద రెండు చుక్కలు, చెవుల వెనక రెండు చుక్కలు వేసుకుని బయటికి వెళ్ళేవారు. మల్లెపూల అత్తరులాగా తల నొప్పెట్టించదు, పౌడరులాగా చెమటకి కారిపోదు. రోహిణి కార్తెలో గుంటూరు ఎండ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా, రోళ్ళు పగిలే ఆ ఎండలో పక్కనుంచి ఓడికొలోన్ వేసుకున్న మనిషి వెళ్తే కుండలో నీళ్ళు తాగినంత హాయిగా ఉండేది. ఆ హాయి మా బంధువులందరిలోనూ ఒక్క మనిషికే ఉండేది. ఆవిడ మా మేనత్త.

మా నాన్నకి అక్క. చిన్నప్పుడే మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగు చేసి, ఆఫీసులో పనిచేసే ఆయన్ని చేసుకుని గుంటూరులో పెంకుటిల్లు కట్టుకుంది. మాది ప్రత్తిపాడు వైపు పల్లె, నల్లరేగడి నేల, పత్తి లేకపోతే మిరప, మిరప లేకపోతే పత్తి. మాకు సెంటు భూమి లేదు. నాన్న పొలం కూలికి వెళ్ళేవాడు, అమ్మ కాయల కాలంలో మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్ళేది. తల్లీతండ్రీ పోయాక నాన్నని పెంచింది అక్కే కాబట్టి ఆవిడ మాట మా ఇంట్లో వేదవాక్కు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు గాని, మా అమ్మకి ఆవిడ అర్ధంతో ఆగలేదు, మొగుడికి కూడా మొగుడు.

ఆ ఓడికొలోన్ సీసాకి ఒక కథ ఉండేది. ఆవిడ పనిచేసిన ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగా ఉన్న దొరసాని తన దేశం వెళ్ళిపోతూ ఇచ్చిందట. మెలితిరిగిన గాజు సీసా, దాని మీద వెలిసిపోయిన బంగారు రంగు కాగితం. ఏటేటా దొరసాని పోస్టులో పంపిస్తుందని ఆవిడ చెప్పేది, మేం నమ్మేవాళ్ళం. క్రిస్మస్‌కీ, పంటల పండుగకీ మా పల్లె చర్చికి వచ్చేది, వచ్చేది కూడా ఎప్పుడూ మొదటి పాట అయిపోయాకే. అప్పటికి అందరం బల్లల మీద ఇరుక్కుని కూర్చుని ఉండేవాళ్ళం. ముందు ఆ వాసన వచ్చేది. ఒక్క తలా వెనక్కి తిరిగేది కాదు, తిరగనక్కరలేదు, ఆడవాళ్ళు కూర్చున్నచోటనే కొంచెం కొంచెం జరిగేవారు, ముందు బల్లలో మధ్య చోటు దానంతటదే ఖాళీ అయ్యేది. ఆవిడ నడిచివచ్చి అక్కడ కూర్చునేది. వాసన రావడం, చోటు రావడం, ఆవిడ రావడం, ఈ వరస ఎన్నడూ తప్పలేదు. ప్రసంగం చెప్పే అయ్యగారు కూడా ఆవిడ కూర్చునేదాకా ఒక్క క్షణం ఆగేవారు.

పదో తరగతి తరవాత ఇంటరు, ఆ తరవాత టీచర్ ట్రైనింగు, అన్నీ ఆవిడ ఇంట్లో ఉండే చదివాను. అన్నం పెట్టింది, కాదనను. బట్టలు కొంది, అదీ కాదనను. అంట్లు తోమించింది, బట్టలు ఉతికించింది, అది అందరి ఇళ్ళలో ఉండేదే. మధ్యాహ్నం వేళ ఆవిడ చేతిరుమాళ్ళు ఉతకడానికి ఇస్తే, సబ్బు పెట్టకముందు ఒకసారి ముక్కుకి ఆనించుకునేదాన్ని. ఆ వాసనంటే నాకు ఇష్టం. ఉద్యోగం వచ్చాక నేనూ ఒక సీసా కొనుక్కుని, మా అమ్మకీ చెవుల వెనక రాయాలని అనుకునేదాన్ని. కడుపు మండటానికి అసలు కారణం ఇదేనేమో అని ఇప్పుడు అనిపిస్తుంది, ఇష్టమైన దానితో కొడితే దెబ్బ ఎక్కువ తగులుతుంది.

తొడిమలు తీసే పని మీలో కొందరికి తెలియకపోవచ్చు. ఎండిన కాయల కుప్ప ముందు కూర్చుని, ఒక్కో కాయా అందుకుని తొడిమ తుంచి ఒక పక్క, తెల్లబారిన తాలుకాయ ఏరి ఇంకో పక్క వేస్తూ, పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా కూర్చోవాలి. కాయల్లోంచి లేచే ఆ కారపు కోరుకి ముక్కు కారుతుంది, గొంతు పట్టేస్తుంది, వేళ్ళ చివర్లు పగిలి ఎర్రగా లేచిపోతాయి. ఇంటికొచ్చి ఎంత కడిగినా ఆ ఘాటు పోదు. మా అమ్మ కాయల కాలంలో చంటిపిల్లల్ని ఎత్తుకునేది కాదు, కళ్ళు నలుపుకునేది కాదు, జుట్టుకి తడిగుడ్డ చుట్టుకుని పడుకునేది. నాకు మాత్రం ఆ ఘాటులో ఏ తప్పూ కనబడేది కాదు, పెరిగిందే అందులో.

నేను ట్రైనింగులో ఉండగా ఒక ఏప్రిల్ నెలలో అమ్మ పనికి గుంటూరు గోడౌనుకి వచ్చింది. సాయంత్రం పని దిగి, నన్ను చూసి పోదామని, ఆడబిడ్డ కోసం తనే స్వయంగా దంచిన కొత్తకారం డబ్బా పట్టుకుని, పనిబట్టలతోనే అత్తయ్య ఇంటికి వచ్చింది. ఆ వేళ ఇంట్లో చర్చి స్త్రీల సమాజం కూటం. ముందుగదిలో ఇస్త్రీ చీరల ఆడవాళ్ళు కుర్చీల నిండా ఉన్నారు, అయ్యగారి భార్య కూడా ఉంది, నేను టీ కప్పుల పళ్ళెం పట్టుకుని ఉన్నాను. అమ్మ గుమ్మంలో అడుగుపెట్టగానే ఎవరో తుమ్మారు, ఆ వెంటనే ఇంకొకరు. అత్తయ్య నవ్వుతూ లేచింది. "ఆగమ్మాయ్, అక్కడే ఆగు" అని బీరువా తెరిచి సీసా తీసింది. చేతిలో ఒంపుకుని మా అమ్మ నెత్తిన చల్లింది, భుజాల మీద చల్లింది, చేతులు చాపించి వాటి మీద ఒంపింది, వెనక్కి తిప్పి వీపు మీద కూడా చల్లింది. పురుగుల మందు కొట్టినట్టు కొట్టి, "ఆ, ఇప్పుడు మనుషుల్లోకి రా" అంది. అందరూ నవ్వారు. వాళ్ళ నవ్వులో కసి లేదు, ఏదో సరదా పడ్డారు, అది మరీ ఘోరం. కసి ఉంటే తిరిగి ఒక మాట అనొచ్చు.

ఓడికొలోన్‌లో ఉండేది స్పిరిటు. పగిలిన వేళ్ళ మీద, అందులోనూ మిరపకాయ పట్టిన వేళ్ళ మీద అది పడితే ఎలా ఉంటుందో నర్సు పని చేసిన మనిషికి తెలియదనుకోను. అమ్మ వేళ్ళు ఒక్కసారి ముడుచుకుపోయాయి, వాటిని చెంగులో దాచుకుని, "చల్లగా ఉంది వదినా" అని తనూ నవ్వింది. ఆ తరవాత గదిలో ఓ మూల చాప మీద కూర్చుని టీ తాగింది. కుర్చీ ఒకటి ఖాళీగానే ఉంది. కారం డబ్బా వంటింట్లోకి చేరింది, వెళ్తున్నప్పుడు పెరట్లో కుళాయి కింద అమ్మ చేతులు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. నేను వెళ్ళి పక్కన నిలబడితే, "ఎవరితో అనబాకే, మీ నాన్నకి తెలిస్తే అన్నం తినడు" అంది. అంతే, ఇక ఆ ఇంటి గడప తొక్కలేదు. నన్ను చూడాలంటే ట్రైనింగు స్కూలు గేటు దగ్గరికి వచ్చి నిలబడేది. నేను ఆ ఇంట్లో చదువు పూర్తయ్యేదాకా ఉండాల్సి వచ్చింది, ఆవిడ పెట్టిన అన్నమే తింటూ, ఆవిడ చేతిరుమాళ్ళు ఉతుకుతూ. ముక్కుకి ఆనించుకోవడం మాత్రం మానేశాను.

ఆ రోజుల్లోనే దొరసాని పోస్టు సంగతి కూడా బయటపడింది. ఒకరోజు మామయ్య దగ్గుమందు కోసం కొత్తపేటలో మందుల షాపుకి వెళ్తే, షాపాయన "మీ అత్తగారి సీసా కూడా పట్టుకెళ్ళమ్మా" అని అట్టడబ్బాలోంచి మామూలు ఓడికొలోన్ సీసా తీసి ఇచ్చాడు. జ్వరాలకి వాడే సరుకు, ఊళ్ళోవాళ్ళందరికీ అమ్మేదే. ఇంటికొచ్చాక ఆవిడ దాన్ని గదిలోకి పట్టుకెళ్ళి తలుపేసుకోవడం, తరవాత దొరసాని సీసా మళ్ళీ నిండుగా ఉండటం చూశాను. వెంటనే అందరికీ చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెబితే ఏమవుతుంది, రెండు రోజులు నవ్వుకుని మరిచిపోతారు. నాకు రెండు రోజుల నవ్వు చాలదు. పాము పగ పట్టినట్టు పట్టి మనసులో దాచుకున్నాను.

చదువు అయి, పక్క ఊళ్ళో పంచాయతీ స్కూల్లో నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది ఎండాకాలంలో మా అన్నయ్యకి పెళ్ళి కుదిరింది. మగపెళ్ళివారి ఊళ్ళోనే చేయడం మా వాళ్ళలో అప్పటి ఆనవాయితీ. అత్తయ్య నెల ముందే వచ్చి ఏర్పాట్లన్నీ తన చేతిలోకి తీసుకుంది. వెళ్ళేటప్పుడు అమ్మని పక్కకి పిలిచి, నేను వింటూ ఉండగానే, "మా ఆయన ఆఫీసర్లు వస్తారమ్మాయ్, వాళ్ళ ముందర నువ్వు బిక్కమొహం వేసుకుని కూచుంటే ఏం బాగుంటుంది, ముందు బల్ల మీద నేను కూచుంటాలే, నువ్వు వంటల దగ్గర చూసుకో" అంది. పెళ్ళికొడుకు తల్లి కూర్చునే బల్ల అది. ఉంగరం తొడిగాక కొడుకూ కోడలూ మొదట వచ్చి ఆ బల్ల ముందే తల వంచుతారు. అమ్మ "అలాగే వదినా" అంది. నాన్న ఎదురుగా ఉన్నాడు, విన్నాడు, గిన్నెలో మజ్జిగ తాగుతూ తల ఎత్తలేదు. అక్క చేతి ముద్ద తిని పెరిగినవాడికి అక్క ముందు నోరెలా వస్తుంది. ఆయన మీద కూడా ఆ రోజు కోపం వచ్చింది, అది తరవాత తగ్గింది.

మా పెద్దమ్మ, అంటే అమ్మకి అక్క, తొడిమల ముఠాలో అందరికంటే నోరున్న మనిషి. కుళాయి దగ్గర సంగతి ఆమెకొక్కదానికే చెప్పాను. విని తుపుక్కున ఉమ్మేసి, "ఓసి పిచ్చిదానా, ఇన్నాళ్ళు దాచావటే? నాలుగు మిరపగింజలు నూరి ఆ సీసాలో పోస్తే మొహం వాచి చక్కా కూచునేదిగా! తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉండొద్దా?" అంది. నేను ఆలోచించకపోలేదు, ఆ ఇంట్లో సీసా నా చేతికి అందేదే. కాని మంట ఒక పూటే ఉంటుంది, తరవాత అందరూ ఆవిడ మీద జాలిపడతారు. ఆవిడ మీద ఎవరూ జాలిపడటం నాకు ఇష్టం లేదు. నాకు కావలసింది వేరే. "పెద్దమ్మా, పన్నీరు చల్లే పని నువ్వు తీసుకుంటావా?" అని అడిగాను.

పెళ్ళికి ముందు రోజుల్లో కొత్తపేట వెళ్ళి ఆ షాపులోనే చేతిసంచి నిండా ఓడికొలోన్ సీసాలు తెచ్చాను. షాపాయన పాపం కంగారుపడ్డాడు, మీ ఊళ్ళో విషజ్వరాలేమైనా వచ్చాయా అమ్మా అని అడిగాడు. వచ్చాయండీ, ఈసారితో తగ్గిపోతాయిలెండి అన్నాను. పెద్దమ్మ బుడ్డిలో పన్నీరుకి బదులు ఇది నింపుకుని, చెయ్యి మీద చల్లి చూసుకుని, "ఇదేం పన్నీరే, ముక్కులోంచి మెదడులోకి పోతంది" అని మురిసిపోయింది.

చర్చి చిన్నది, లోపల ఉడికిపోతారని దాని ముందు తాటాకు పందిరి వేసి బల్లలన్నీ బయట వేయించారు. పొద్దు వాలి వడగాడ్పు కొంచెం తగ్గాక జనం రావడం మొదలైంది. పందిరి గుంజ దగ్గర పెద్దమ్మ నిలబడింది. వచ్చిన వాళ్ళందరికీ తల మీద, చీర మీద, చేతుల మీద, పిసినారితనం లేకుండా చల్లింది. తొడిమల ముఠా ఆడవాళ్ళు అందరూ తలంట్లు పోసుకుని, ఉన్నంతలో మంచి చీరలు కట్టుకుని వచ్చారు. వాళ్ళకి రెండేసి సార్లు చల్లింది. పత్తి తీసేవాళ్ళు, పొగాకు ఆరబెట్టే బేరన్ల దగ్గర పనిచేసేవాళ్ళు, పెళ్ళికూతురి తరపువాళ్ళు, పిడుగురాళ్ళ సున్నపుబట్టీల నుంచి వచ్చిన మా చుట్టాలు, అందరూ ఒకటే వాసన. ముసలివాళ్ళు అరచేతులు ముక్కుకి ఆనించి ఆనించి వాసన చూసుకుంటున్నారు. ఆ పందిరి కింద ఆ సాయంత్రం ఉన్నంత చల్లదనం నేను మళ్ళీ ఎక్కడా ఎరగను. నా పగ సంగతి అటుంచండి, వాళ్ళ ముఖాలు చూస్తే ఆ ఖర్చు అందుకే పెట్టినా తప్పులేదనిపించింది.

అమ్మకి నేనే తల దువ్వి, కొత్త చీర కట్టి, తీసుకొచ్చి ముందు బల్ల మీద మధ్యలో కూర్చోబెట్టాను. అమ్మ భయంతో బల్ల చివరికి జరిగి, "మీ అత్తయ్య వస్తే లేవాలిగా, అప్పుడు నలుగురిలో ఏం బాగుంటదే" అంది. వచ్చినప్పుడు చూద్దాంలే అని మళ్ళీ మధ్యకి జరిపాను. "సరే, ఆ వాసన రాగానే లేచి పోతా, నువ్వు అడ్డం రాబాక" అంది. వాసన అప్పటికే ఒళ్ళంతా చుట్టుకుని ఉంది. అమ్మ సగం లేచింది, ఆవిడ వచ్చేసిందనుకుని. భుజం మీద చెయ్యి వేసి, ఇంకా రాలేదమ్మా అన్నాను. కాసేపాగి మళ్ళీ లేవబోయింది, మళ్ళీ కూర్చోబెట్టాను. అయ్యగారు వచ్చారు. మొదటి పాట ఎత్తుకున్నారు.

పాట అయిపోయింది. అత్తయ్య అప్పుడు వచ్చింది. నేను అటే చూస్తూ ఉన్నాను కాబట్టి నాకు కనిపించింది. పట్టుచీర, చేతిలో రుమాలు, వెనక ఆఫీసర్లూ వాళ్ళ భార్యలూ. పెద్దమ్మ బుడ్డి పక్కన పెట్టేసి వచ్చి తనవాళ్ళలో కూర్చుంది, ఆవిడకి చల్లనే లేదు. ఆవిడకి చల్లడం దేనికి, వేసుకునే వచ్చింది కదా. బల్లల మధ్య దారిలోకి వచ్చి, ఎప్పటిలాగే నడక కొంచెం నెమ్మది చేసింది, చోటు ఖాళీ అవుతుందని. ఒక్కరూ జరగలేదు. ఎవరికి తెలుస్తుంది, ఎవరి పక్క వాసన చూసినా ఆవిడే. ఇంకో రెండు అడుగులు వేసి ఆగింది. అప్పుడు ఆవిడ ముక్కుపుటాలు కదలడం, తల అటూ ఇటూ తిప్పడం, ఆ బల్లల నిండా ఉన్న నల్లటి ముఖాల్నీ పగిలిన చేతుల్నీ వరసగా చూడటం, ఏం జరిగిందో అర్థమై ముఖంలో నెత్తురు ఇంకిపోవడం, అన్నీ ఒకదాని తరవాత ఒకటి చూశాను. ఎంత తృప్తిగా చూశానో దాచిపెట్టను. ఆఫీసర్లనీ వాళ్ళ భార్యల్నీ ఎవరో పక్కన వేసిన కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఆవిడ మాత్రం దారి మధ్యలో, రుమాలు నలుపుకుంటూ నిలబడిపోయింది. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టేశారు, ఆగలేదు.

మా పెద్దమ్మ కళ్ళు మూసుకున్నట్టే ఉండి, పక్కవాళ్ళందరికీ వినబడేలా, "ఎవరమ్మా అది, దారికి అడ్డంగా? ఇదుగో, ఇక్కడ సందుంది, సర్దుకుని కూచో" అంది. తొడిమల ముఠా మధ్యలో, వెనక నుంచి రెండో బల్ల. ఆవిడకి ఇంకో దారి లేదు. కూర్చుంది. ఉంగరాలు మార్చుకున్నాక అన్నయ్యా వదినా వచ్చి మా అమ్మ ముందు తల వంచారు, అమ్మ ఇద్దరి తలల మీదా చేతులు పెట్టింది, ఆ వేళ్ళ చివర్లు అప్పటికీ ఎర్రగానే ఉన్నాయి.

మర్నాడు పొద్దున బస్సెక్కబోతూ అత్తయ్య నన్ను పక్కకి పిలిచింది. ఎవరు చేశారని అడగలేదు, తెలివిగల మనిషి. "నిన్ను చదివించింది ఇందుకేనటే?" అంది. "ఇందుకే అత్తయ్యా" అన్నాను. ఆ మాట కోసం అమ్మ చేతులు మండిన రోజు నుంచి ఎదురుచూశానని ఆ మాట అన్నాకే నాకు తెలిసింది.

ఆవిడ వెళ్ళాక అమ్మ పెరట్లో పెళ్ళి గంగాళాలు తోముతుంటే పక్కన కూర్చుని, ఎందుకో ఒక్కసారి భయం వేసి, అమ్మా నీకు కోపం వచ్చిందా, నీకు చెప్పకుండా చేశాను అన్నాను. అమ్మ బూడిద చేత్తోనే నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరేట్టు నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "పాటవ్వగానే ఓరకంట చూశాలేవే. ఆవిడ వచ్చింది, దారిలో నిలబడింది, చూసే కూచున్నా. లేవనా అనుకున్నా, నా చేతులు ఆ రోజు ఎట్టా మండినయ్యో గుర్తొచ్చింది. లేవబుద్ధి కాలా" అంది. నేను ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్న పగని మా అమ్మ నాకంటే భద్రంగా మోసింది. అందరూ మెత్తనిదనే మా అమ్మ. ఆమెని అంత అందంగా నేను మళ్ళీ చూడలేదు.

ఆ ఎండాకాలమంతా మా చుట్టుపక్కల పల్లెల్లో ఏ పెళ్ళి అయినా టీచరమ్మ పన్నీరు కావాలని కబురొచ్చేది. కొత్తపేట షాపాయన సరుకు చాలక వేరే ఊరి నుంచి తెప్పించాడు. గుంటూరు పెద్ద చర్చిలో కూడా ఎవరో ఆ వాసనతో వస్తే, ఏ ఊరి పెళ్ళికెళ్ళొచ్చారని అడిగేవారట. అత్తయ్య ఓడికొలోన్ మానేసింది. అత్తరు రాసుకునేది, దానితో ఎండాకాలం తలనొప్పి తెచ్చుకునేది. చివరి రోజుల్లో మంచాన పడితే అమ్మే వెళ్ళి సేవ చేసింది, నేను చూడటానికి వెళ్ళాను గాని సేవ చేయలేదు. పెట్టిన అన్నం మాట ఎత్తి నన్ను మందలించిన వాళ్ళున్నారు. అన్నానికి నేను ఆ ఇంట్లో అంట్లు తోమాను. అమ్మ వేళ్ళకి మాత్రం ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

ఇప్పుడు ఆ పందిరి కింద కూర్చున్న వాళ్ళలో చాలామంది లేరు. అమ్మ లేదు, పెద్దమ్మ లేదు, నవ్విన స్త్రీల సమాజం వాళ్ళూ లేరు. పగ తీర్చుకోవాల్సిన వాళ్ళు పోయాక పగ ఒక్కతే ఇంట్లో మిగిలిపోయిన ముసలిదానిలా ఉంటుంది, ఎవరూ పలకరించరు. మా ఇళ్ళలో ఎవరూ మిరపకాయల పనికి వెళ్ళడం లేదు. అందుకే కదా చదువుకున్నది, చదివించుకున్నది, దానికి విచారించను. పిల్లలు అందరూ మంచి మంచి సెంట్లు కొట్టుకుని తిరుగుతున్నారు, తిరగనివ్వండి.

మొన్న కాయల సీజన్లో మా అన్నయ్య మనవరాలు కారు నడుపుతూ నన్ను గుంటూరు తీసుకెళ్ళింది. మంచి పిల్ల, బ్యాంకులో ఉద్యోగం, నేనంటే ప్రాణం. మిర్చి యార్డు దాటుతుంటే రోడ్డు నిండా మిరపకాయ బస్తాల టిక్కీలు ఎత్తిన లారీలు, మా పక్కన ఆగిన ఆటోలో పని దిగి ఇళ్ళకి పోతున్న ఆడవాళ్ళు, తలలకి తడిగుడ్డలు చుట్టుకుని. ఆ ఘాటు లోపలికి రాగానే పిల్ల గబగబా అద్దాలు ఎత్తేసింది. "ఛీ, బట్టలకి పట్టేస్తుంది" అని సంచిలోంచి చిన్న సీసా తీసి కారంతా కొట్టింది. నిమ్మతొక్క, నారింజ ఆకు. క్లాసిక్ అంట, ఎండాకాలానికి తేలిగ్గా ఉంటుందంట. నేను అద్దం దించమన్నాను. ఎందుకంది. చెబితే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలి? కోపగించుకుందామంటే ఆ పిల్లకి ఎవరి మీదా చిన్నచూపు లేదు, ఆ ఘాటు ఎవరిదో తెలియదు, మేమెవరమూ చెప్పలేదు. మళ్ళీ దించమన్నాను, ఈసారి గట్టిగా. పెద్దదాని చాదస్తం అనుకుని దించింది. ఆటోలో ఆడవాళ్ళు మావైపే చూస్తుండగా, మా అమ్మ నుంచి మా అన్నయ్యకీ, అన్నయ్య నుంచి తనకీ వచ్చిన ఆ ముక్కుని రెండు వేళ్ళతో గట్టిగా మూసుకుంది.